డాక్టరు చేతికి కాపలా

ఆసుపత్రి పేరు గురించీ, నా పనితనం గురించీ ఇక్కడ ప్రస్తావించను. పైడయ్య కుటుంబపు తెలివితేటల గురించి మాత్రమే చెబుతాను.

ఆ తెలివితేటలను నాకు మొదట పరిచయం చేసినవారు వారే. "మాయి గట్టి బుర్రలు బాబూ. ఒకసారి చెప్తే చాలు, మాట పొల్లుపోదు," అన్నాడు పైడయ్య తమ్ముడు గుంపస్వామి. పైడయ్య భార్య అసిరమ్మ గర్వంగా తల ఊపింది. పైడయ్య మాత్రం ఛాతీ పట్టుకుని మంచం మీద మూలుగుతున్నాడు. గుండె రక్తనాళం పూడుకుపోయింది. ఆ పూటే తెరవకపోతే మనిషి దక్కడు.

నేను విడమరిచి చెప్పాను. "మణికట్టు నాళంలోంచి సన్నని తీగ గుండె దాకా వెళుతుంది. దానిని నడిపేది రోబో. నేను పక్కగదిలో కూర్చుంటాను. ఇక్కడ నా చెయ్యి ఎలా కదిలితే, అక్కడ దాని చెయ్యి అలా కదులుతుంది."

అంతే. ఆ మాట వారి బుర్రల్లో మేకులా దిగిపోయింది.

నేను చెవి గోక్కున్నాను. అసిరమ్మ కెవ్వుమంది. "అయ్యో బాబూ, మావోడి గుండె గీరేస్తన్నారు!"

"ఇంకా యంత్రం దగ్గరికే వెళ్ళలేదమ్మా."

"యంత్రం ఎక్కడుంటే ఏటి, చెయ్యి మీదే గదా!"

నర్సు టీ తెచ్చింది. గుంపస్వామి కప్పు లాక్కున్నాడు. "ఒదినా, ఈయన ఒలకబోస్తే అన్న గుండెలో ఒలికిపోదూ!"

"పంచదార కూడా ఏసుంటారు! మావోడికి షుగరు!"

ఇంకేముంది, ఆ టీ గుంపస్వామే తాగేశాడు, జాగ్రత్తగా, గోడవైపు తిరిగి.

ఇంతలో నా ముక్కు మీద ఈగ వాలింది. చెయ్యెత్తాను. అంతే! చెరొక చెయ్యీ పట్టుకుని, రెండింటినీ తుండుగుడ్డతో కట్టేశారు.

పైడయ్యను లోపలికి తీసుకువెళ్ళారు. "సార్, పేషెంటు సిద్ధం, రండి," అని నర్సు పిలిచింది.

"రారు," అన్నాడు గుంపస్వామి. "ఆపరేషను అయ్యేదాకా ఈ చేతులు కదలనివ్వం."

లోపలినుంచి పైడయ్య కేక వినిపించింది. "ఒరే గుంపా, ఇప్పెయ్యరా! గీరితే గీరనీ! నా ఛాతీ పగిలిపోతాంది!"

గుంపస్వామి ఆలోచించాడు. "పెద్దోడి మాట కాదనకూడదు," అని కట్టు విప్పాడు.

పని పూర్తయింది. నాళం తెరుచుకుంది. పైడయ్య నడిచి ఇంటికి వెళ్ళాడు.

నెల తరువాత ఎవరిచేతో రాయించిన ఉత్తరం వచ్చింది.

"డాక్టరు బాబుకి అసిరమ్మ దణ్ణాలు. మావోడి గుండె పగలూ రాతిరీ కొట్టుకుంటానే ఉంది. నెలయినా చెయ్యి ఆపకుండా కూకున్నారంటే మా కడుపు తరుక్కుపోతాంది. మజ్జానం కాసేపు పండుకోండి. ఆ కాసేపూ ఓర్చుకుంటానని మావోడు ఒప్పుకున్నాడు. జవాబు మాత్రం రాయకండి. మీరక్కడ రాసిందల్లా ఇక్కడ మావోడి గుండె మీద పడతాది. లోపల రాసింది మాకెవరు చదివిపెడతారు?"

నేను జవాబు రాయలేదు.