నడిగది కొక్కెం

మా స్వామివారికి ఒక అలవాటుంది. ఎవరైనా నిజంగా తెలియక ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెబుతారు. జవాబు ముందే మూటగట్టి తెచ్చుకుని, దానిమీద ఆయన చేత సరే అనిపించుకోవడానికి అడిగితే మాత్రం కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడవడం మొదలుపెడతారు. అద్దాలు ఎంతసేపు తుడిస్తే అంత చిరాకు వచ్చిందని మాకు గుర్తు. గంధం బుల్లెబ్బాయి గారు ప్రశ్న అడిగిన గురువారం నాడు తుడిచిన తుడుపుకి ఆ అద్దాలు అరిగిపోలేదంటే, చేసినవాడి చేతి చలవ.

"చిన్న సందేహం స్వామీ. ఎదుటివాళ్ళు అడగని సంగతి మనం చెప్పకపోతే, అది అబద్ధం కిందకొస్తుందాండి?"

బుల్లెబ్బాయి గారు పదేళ్ళుగా మా తణుకు ఆశ్రమానికి వస్తున్న మనిషి. కాలవగట్టు వీధిలో ఆయనకి మూడు వాటాల డాబా ఉంది. మూడూ అద్దెకిచ్చి, తను ఎదురింట్లో కాపురముంటూ వరండాలోంచి వాటిని కాపలా కాస్తుంటారు. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి, ఆ ముప్పై ఏళ్ళలో పదకొండు అద్దె ఇళ్ళు మారినదాన్ని. ఇంటివాళ్ళ గురించి నాకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా బుల్లెబ్బాయి గారి షరతుల కాగితం చూసి నేనే నోరు తెరిచాను. మేకులు కొట్టకూడదు. రోట్లో దంచకూడదు. చుట్టాలు మూడు రోజులకి మించి ఉండకూడదు. పది దాటాక గేటు తియ్యరు. వాటాలో ఏది పాడైనా అద్దెకున్నవాళ్ళే బాగుచేయించుకోవాలి. ఇలా పధ్నాలుగు. టైపు కొట్టించి, పైన ప్లాస్టిక్కు అతికించి, ప్రతి వాటాలోనూ తలుపు వెనక తగిలించారు. దానికి మాత్రం మేకు కొట్టించారు. అద్దెకున్నవాళ్ళకి ఇంటివాడు చెప్పాల్సిన ముక్క ఒక్కటంటే ఒక్కటి ఆ కాగితంలో లేదు.

"ఏమిటా సంగతి?" అన్నారు స్వామి.

"ఏదని కాదండి, ఊరికే. తత్వం కోసం."

కళ్ళజోడు చేతిలోకి వచ్చింది. "తత్వం సంగతి తర్వాత చూద్దాం. నీ వాటాల్లో కొత్తగా ఎవరు దిగారు?"

"మధ్య వాటాలో నూకరత్నమని, జాకెట్లు కుడుతుందండి. కూతురు పురిటికొచ్చింది. ఆదివారం బారసాల, ఇందాకే బొట్టు పెట్టి పిలిచింది." అక్కడితో ఆగితే బాగుండేది. కానీ లోపల ఏదో కెలుకుతున్న మనిషి ఆగలేడు కదా. "ఇల్లు చూడ్డానికొచ్చినప్పుడు అన్నీ అడిగిందండి. గుమ్మం తూర్పుకేనా అంది, అవునన్నాను. కుళాయి ఎన్నింటికొస్తుందంది, చెప్పాను. మీటరు విడిగా ఉందా అంది, చూపించాను. అడిగినవాటికి ఒక్క అబద్ధం చెబితే ఒట్టు. సంతోషంగా పాలు పొంగించుకుంది కూడాను."

పాలు పొంగించుకుందట! మా వైపు పాలు పొంగాక ఆ ఇల్లు వద్దనుకుని వెళ్ళిపోవడం మహా అపశకునం. ఈ గుట్టు ఇంటివాళ్ళందరికీ తెలుసు. పొంగేదాకా నోరు విప్పరు, పొంగాక విప్పాల్సిన అవసరమే ఉండదు. నేను పదకొండుసార్లు పొంగించాను, పదకొండుసార్లూ ఆ మర్నాడే ఒక్కొక్క బండారం బయటపడింది. ఒక ఇంట్లో అయితే వానొస్తే పక్కవాళ్ళ మురుగు నీళ్ళు నేరుగా వంటింట్లోకే వచ్చేవి.

స్వామి తుడుస్తూనే ఉన్నారు. చివరికి, "బారసాలకి నేనూ వస్తాను. టీచరమ్మా, నువ్వూ రా" అన్నారు. స్వామివారి పాదాలు తన గడపలో పడబోతున్నాయని బుల్లెబ్బాయి గారు పొంగిపోయి, రెండడుగులు వేశాక ఎందుకో మొహం వేలాడేశారు.

తర్వాత తెలిసిన సంగతి నేనిప్పుడే చెప్పేస్తాను. దాచిపెట్టి సమయానికి బయటపెట్టే విద్య నాకు రాదు, వచ్చినవాళ్ళని చూస్తే ఒళ్ళు మంట. ఆ మధ్య వాటా నడిగదిలో, స్లాబుకి ఉయ్యాల కొక్కెం ఒకటుంది. డాబా మీద నీళ్ళ ట్యాంకు ఏళ్ళతరబడి కారి, లోపలి ఇనప చువ్వ తుప్పు పట్టి, కొక్కెం చుట్టూ స్లాబు గుల్లబారింది. అంతకుముందు ఉన్నవాళ్ళు ఖాళీ చేస్తూ, "కొక్కెం కదులుతోందండి, జాగ్రత్త" అని మరీ చెప్పి వెళ్ళారు. మేస్త్రీని పిలిచి అంతా కొట్టించి మళ్ళీ కట్టించాలా? ఈయన రంగులవాణ్ణి పిలిచారు. లప్పం పెట్టించి, తెల్లరంగు వేయించి, కొక్కేనికి వెండిరంగు పూయించారు. అది తళతళా మెరుస్తుంటే, అప్పటికి అయిదో నెలలో ఉన్న కూతురి చెయ్యి పట్టుకుని, "చూడవే భవానీ, మన ఉయ్యాలకి కొక్కెం కూడా ఉంది" అని మురిసిపోయి నూకరత్నం ఆ వాటా ఖాయం చేసుకుంది. ఆ మాటన్నప్పుడు బుల్లెబ్బాయి గారు పక్కనే నిలబడి ఉన్నారు. నోరు మెదపలేదు. ఇదీ ఆయన తత్వం!

ఆదివారం మేం వెళ్ళేసరికి ఇల్లంతా సాంబ్రాణి వాసన. టేకు ఉయ్యాల ఎవరింట్లోంచో అడిగి తెచ్చారు. ఇత్తడి గొలుసులతో నడిగది కొక్కేనికి వేలాడదీసి చామంతి దండలు చుట్టారు. కింద ఒకదానిమీద ఒకటి రెండు పరుపులు పరిచి, పైన కొత్త దుప్పటి వేశారు. ఉయ్యాల కింద కూడా మెత్తగా వేసింది, మనవరాలంటే ఎంత ముద్దో అనుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల మొహాలు చూసి అబద్ధం పట్టినదాన్ని, పరుపులు చూసి పట్టలేకపోయాను.

స్వామి కుర్చీలో కూర్చుని ఉయ్యాలని చూడలేదు, పిల్లని చూడలేదు. బుల్లెబ్బాయి గారినే చూస్తున్నారు. ఆయన పంచె సర్దుకుంటారు, స్లాబు వంక చూస్తారు. మంచినీళ్ళు తాగుతారు, స్లాబు వంక చూస్తారు. ఇరవై ఒక్క రోజుల పిల్లకి కాటుక దిద్ది, బుగ్గన చుక్క పెట్టి భవాని తీసుకొచ్చింది. పేరంటాళ్ళు ఉయ్యాల చుట్టూ చేరారు. అప్పుడు స్వామి అన్నారు: "బుల్లెబ్బాయ్, ఈ ఇంటికి పెద్దవాడివి నువ్వు. పిల్లని నీ చేత్తో ఉయ్యాలలో వెయ్యి."

ఎంత గౌరవం! నూకరత్నం మురిసిపోయి పిల్లని ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన ఒక అడుగు వేసి ఆగారు.

"చేతులు కడుక్కోలేదండి స్వామీ."

"కడుక్కుని రా."

పిల్లని ఇచ్చి, కడుక్కుని వచ్చి, మళ్ళీ అందుకున్నారు. "నాకు నడుం నొప్పండి. వంగితే..."

"వంగక్కర్లేదు. ఉయ్యాల నీ బొడ్డు దగ్గరికే ఉంది. వెయ్యి."

పిల్లకి వెక్కిళ్ళు మొదలయ్యాయి. వెక్కిన ప్రతిసారీ ఆ చిన్న ఒళ్ళంతా ఆయన చేతుల్లో ఎగిరిపడుతోంది. ఉయ్యాల మీదకి చేతులు చాపారు, వెనక్కి తీసుకున్నారు, మళ్ళీ చాపారు. నుదుటి మీద చెమట కారి కంట్లోకి దిగింది.

"వెయ్యలేను స్వామీ!" అని కేకే పెట్టారు. "ఆ కొక్కెం గట్టిది కాదండి! లోపలంతా గుల్ల! పైన రంగు వేయించాను గానీ, ఎప్పుడు ఊడుతుందో నాకే తెలీదు!"

"నేనడగలేదే?" అన్నారు స్వామి.

 వెంటనే నూకరత్నం అందుకుంది. "అయ్యయ్యో బాబుగారూ! తెలిసుండే నోరు మూసుకున్నారా? నా మనవరాలు మీకేం అపకారం చేసిందండీ? తలుపెనకాల పధ్నాలుగు రాయించారే, పదిహేనోది రాయించడానికి చేతులు పడిపోయాయా? మేకు కొడితే గోడ పాడైపోద్దని ఏడుస్తారు, పసిగుడ్డు నెత్తిన స్లాబు పడితే మీకేం కాదా? పెద్దమనిషంటారు మిమ్మల్ని, పెద్దమనిషి!" నాకైతే వీనుల విందుగా ఉంది. నా పదకొండు ఇళ్ళ కసీ ఆవిడ నోటివెంట వస్తున్నట్టే అనిపించింది. బుల్లెబ్బాయి గారు తల దించుకుని పిల్లని గుండెకి హత్తుకుని నిలబడ్డారు. ఇంకాసేపు సాగితే బాగుండునని నేననుకుంటుండగానే స్వామి చెయ్యి ఎత్తారు.

"నూకరత్నమ్మా. ఉయ్యాల కింద ఆ పరుపులెందుకు వేశావు?"

ఆవిడ వంగి కొత్త దుప్పటి కొస లాగి పరుపుల మీద సర్దింది.

"ఎందుకమ్మా?" అంది భవాని. పొద్దున ఆ పరుపులు మోసుకొచ్చి వేసింది తల్లేనని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. "అమ్మా, నిన్నేనే. నీకూ తెలుసా?"

నూకరత్నం అక్కడే చతికిలబడిపోయింది. "నెల్లాళ్ళ నించీ పొద్దున్నే ఊడుస్తుంటే కొక్కెం కింద ఇసకలాగా రాలుతోందే. చెబుదామనే రెండుసార్లు ఎదురింటి గుమ్మందాకా వెళ్ళాను. ఏది పాడైనా మీరే బాగుచేయించుకోవాలని కాగితంలో ఉంది కదా. లేదంటే ఖాళీ చెయ్యమంటారు. పచ్చి బాలింతరాలిని పట్టుకుని ఏ ఇంటికి పోను? ఈ ఒక్క పూట గడిచిపోతే, రేపట్నించి నేల మీదే పడుకోబెడదాం అనుకున్నాను."

"అందుకని పరుపు వేశావు."

"రెండు వేశానండి," అంది నూకరత్నం, కళ్ళు తుడుచుకుంటూ.

రెండు వేసిందట! ఆ మాట వినగానే నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. ఇంతసేపూ ఎవరి పక్షాన నిలబడి మనసులో చప్పట్లు కొట్టానో తలుచుకుంటే నామీద నాకే చిర్రెత్తుకొచ్చింది. ఆయన రంగు వేసి కప్పితే, ఈవిడ చీపురుతో ఊడ్చి కప్పింది. భవాని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి, బుల్లెబ్బాయి గారి చేతుల్లోంచి పిల్లని లాక్కున్నంత పని చేసింది. భవాని మొహం చూడలేక నేను గోడవైపు తిరిగాను.

"కొక్కెం సంగతి ఇంటివాడికి తెలుసు, అద్దెకున్నావిడకీ తెలుసు," అన్నారు స్వామి. కళ్ళజోడు మళ్ళీ చేతిలోకి వచ్చింది. ఆయన గొంతు అంత విసుగ్గా నేనెప్పుడూ వినలేదు. "తెలియనిది కన్నతల్లికీ, ఉయ్యాలలో పడుకోవాల్సిన పిల్లకీ. బాగుంది మీ ఇద్దరి మర్యాద."

పేరంటాళ్ళలో ఒకావిడ మెల్లిగా, "ముహూర్తం దాటిపోతోందండి" అంది. స్వామి ఉయ్యాల విప్పించి, గది మధ్యలోంచి అందరినీ పక్కకి జరిపారు. కొక్కేనికి దూరంగా, గుమ్మం దగ్గర నూకరత్నం నేత చీర ఒకటి నాలుగు మడతలు వేయించారు. "ఒక కొస నువ్వు పట్టుకో బుల్లెబ్బాయ్. రెండో కొస నువ్వు పట్టుకో నూకరత్నమ్మా. భవానీ, పిల్లని అందులో వెయ్యి తల్లీ." భవాని వెంటనే వెయ్యలేదు. ముందు ఇటు కొస లాగి చూసింది, అటు కొస లాగి చూసింది, ఇద్దరి చేతుల వంకా చూసింది. అప్పుడు వేసింది. వేశాక కూడా చీర కింద రెండు చేతులూ పెట్టుకునే కూర్చుంది.

పేరంటాళ్ళు జోలపాట ఎత్తుకున్నారు. బుల్లెబ్బాయి గారూ నూకరత్నమూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా ఊపడం మొదలుపెట్టారు. అలా కుదరదని రెండు ఊపుల్లోనే తెలిసిపోయింది. ఈయన ఎత్తినప్పుడు ఆవిడ దించితే పిల్ల ఒక పక్కకి జారుతోంది, భవాని "అమ్మా!" అని అరుస్తోంది. ఇక తప్పక ఒకళ్ళ కళ్ళలోకి ఒకళ్ళు చూసుకుంటూ ఊపారు. ఒక పాటైంది. "ఇంకోటి పాడండి" అన్నారు స్వామి. రెండోదైంది, మూడోదైంది. పిల్ల వెక్కిళ్ళు తగ్గి నిద్రపోయింది. స్వామి మాత్రం చాలని అనలేదు. నాలుగో పాటకి బుల్లెబ్బాయి గారి మోచేతులు వణకడం మొదలుపెట్టాయి. నూకరత్నం జబ్బలు పీకుతున్నా పళ్ళ బిగువున నిలబడింది. ఇద్దరిలో ఎవరికీ వదలడానికి లేదు.

"టీచరమ్మా, మేస్త్రీకి ఫోను చెయ్యి" అన్నారు స్వామి. బుల్లెబ్బాయి గారు నంబరు చెబితే నేను చేశాను. ఆదివారం పనిలోకి దిగడట, రేపు పొద్దున ఎనిమిదింటికి వస్తానన్నాడు. ఆ మాటే అందరికీ వినపడేలా చెప్పాను.

బుల్లెబ్బాయి గారు ఏడుపు మొహం పెట్టి, "చేతులు పడిపోతున్నాయండి. ఎంతసేపు పట్టుకోవాలి స్వామీ?" అన్నారు.

స్వామి కళ్ళజోడు పెట్టుకున్నారు.

"మేస్త్రీ వచ్చేదాకా."