ఎండ్రకాయ వేసిన గట్లు

అనగనగా, ఒక కాలువ చివర మనుషులు దున్నడం మానేసిన తొమ్మిది మళ్ళుండేవి. మనుషులు వెళ్ళిపోతే ఏం? కప్పలున్నాయి. కప్పల రాజ్యం మాత్రం రాజ్యం కాదా!

ఆ రాజ్యంలో రాజు కొడుకు రాజయ్యే పద్ధతి లేదు. ఏటా తొలకరి పడగానే ఏ మడి కప్పలు ఆ మడిలో కూడి, తమకు నచ్చినవారి పేరు పలికేవి. ఒక కప్పకు ఒకే బెక. బోదురుకప్పది బండగొంతైనా, సన్నకప్పది పీలగొంతైనా లెక్క ఒకటే. అలా తొమ్మిది మళ్ళకు తొమ్మిదిమంది పెద్దలు. వారిలో ఎక్కువమంది ఎవరిని ఒప్పుకుంటే వారే నాయకుడు. వాన మొహం చాటేసినప్పుడు కాలువ నీటిని ఏ మడికి వదలాలో, ఏ గట్టుకు నీళ్ళు పారే మడవ తియ్యాలో ఆ నాయకుడే చెప్పాలి. మరొకరు మడవ ముట్టకూడదని కట్టడి.

మిట్ట మళ్ళలో బోదురుకప్పలు, పల్లపు మళ్ళలో సన్నకప్పలు కాపురం ఉండేవి. పది కప్పల్లో ఆరు సన్నవి, నాలుగు బోదురువి. మాట నచ్చితే అవతలివారికీ పలికేవారు కాబట్టి ఒక ఏడు వీరు గెలిచేవారు, ఒక ఏడు వారు గెలిచేవారు. ఓడినవారు మూతి ముడుచుకున్నా, నీళ్ళు మాత్రం అందరికీ అందేవి. గెలిచినవారు వచ్చే ఏడు మళ్ళీ పలకమని అడగడానికి రావాలిగా మరి!

ఒకసారి ఘటోదరుడనే బోదురుకప్ప తీయటి మాటలు చెప్పి నాయకుడయ్యాడు. ఎత్తైన గట్టుమీద కూర్చుని చూస్తే లోకం బాగుంది. దిగబుద్ధి కాలేదు. గట్లు వేసే ఎండ్రకాయ వక్రపాదుణ్ణి పిలిపించాడు.

"వక్రపాదా, గట్లు పాతబడ్డాయి. కొత్తగా వెయ్యి."

"ఎలా వెయ్యమంటారు దొరా?"

"ఎక్కడి కప్పలు అక్కడే ఉండాలి. నేను మాత్రం ఇక ఓడకూడదు."

"ఓస్, ఇంతేనా! తిన్నగా వెయ్యమంటే కష్టం గానీ, వంకరగా వెయ్యమంటే నాకెంతసేపు?" అని ఎండ్రకాయ డెక్కలు ఆడించాడు.

సన్నకప్పల్లో దాదాపు సగంమందిని రెండే రెండు మళ్ళలో కుక్కేశాడు. మిగిలినవారిని ఏడు ముక్కలు చేసి, ముక్కకో బోదురుకప్పల గుంపును తగిలించాడు. ఒక గట్టు పాములా మెలికలు తిరిగింది. ఒక మడి చెవిలా వంగింది. ఒక మడి మిట్టమీద మొదలై, సన్నటి సందులోంచి జారి, పల్లంలో తేలింది. ఆ ఏడు మళ్ళలో ఏది చూసినా బోదురుకప్పలు ఒకరిద్దరు ఎక్కువే.

తొలకరి పడింది. కప్పలు పలికాయి. బోదురు పెద్దలు ఏడుగురు, సన్న పెద్దలు ఇద్దరు!

ఆ పల్లంలో తుంపర అనే సన్నకప్ప ఉండేది. అప్పుడే తొలిసారి తల్లయింది. నూరుమంది తోకపిల్లలు. వాటికి కాళ్ళు రావాలంటే నలభై రోజులు నీళ్ళు నిలవాలి. ఇరవయ్యో రోజుకే వాన ఆగింది. ఘటోదరుడు పల్లానికి మడవ తియ్యలేదు. రెండే మళ్ళు గెలిచినవారి మాట వినవలసిన అవసరం ఆయనకేముంది?

గుంట ఎండిపోయింది. తోకపిల్లలకు గొంతుండదు. కాళ్ళొచ్చి గట్టెక్కాకే అవి పలుకుతాయి. తన బిడ్డల గొంతు ఎలా ఉంటుందో తుంపరకు తెలియనే లేదు. పగుళ్ళు వచ్చిన బురద పక్కన కూర్చుని, సన్నగా ఉంటుందా, కొంచెం బొంగురుగా ఉంటుందా అని ఊహించుకునేది. దూరాన ఏ పిల్లకప్ప పలికినా ఉలిక్కిపడి తలెత్తేది.

రెండో ఏడు సన్నకప్పలు ఒక్కటి మిగలకుండా వచ్చి పలికాయి. జబ్బుపడినవారిని వీపున మోసుకొచ్చారు. అయినా మళ్ళీ ఏడు, రెండు! మళ్ళీ గుంట ఎండింది. తుంపర తిన్నగా ఘటోదరుడి గట్టెక్కింది.

"పెద్దయ్యా, పదిమందిలో ఆరుగురం మేము. తొమ్మిది మళ్ళలో మావి రెండే ఎలా అయ్యాయి?"

"నీ బెక నేనేమైనా మింగేశానా తల్లీ? లెక్కలో ఒక్కటైనా తప్పుందా?"

"లెక్కలో లేదు. లెక్కకు ముందే ఉంది. పలికేది మేమని మురిసిపోయాం. ఎవరు ఎవరి పక్కన పలకాలో నువ్వు ముందే ఏరి పెట్టుకున్నావు."

"అబ్బో, నోరు బాగానే ఉంది! వచ్చే ఏడు గెలిచి మాట్లాడు," అని ఘటోదరుడు కళ్ళు మూసుకున్నాడు.

మూడో ఏడు తొలకరి పడింది. తుంపర మళ్ళీ గుడ్లు పెట్టింది. చిందుడనే కుర్ర సన్నకప్ప గెంతుతూ వచ్చాడు.

"అక్కా, ఎండ్రకాయకు నాలుగు పురుగులు పడేస్తే ఈసారి మనవైపు వేస్తాడట. ఆ బోదురుగాళ్ళు మళ్ళీ లేవకుండా చేద్దాం!"

"అప్పుడు మిట్టమీద తల్లులు ఏడుస్తారు. ఏడుపు ఈ మడిలోంచి తీసి ఆ మడిలో పెట్టడానికా తమ్ముడూ మన పోరాటం?"

చిందుడు తల వంచుకున్నాడు. తుంపర మెలికల గట్టు దాటి మిట్టకు వెళ్ళింది. అక్కడ డోలమ్మ అనే బోదురుకప్ప, తొలకరి నీళ్ళు అప్పుడే ఇంకిపోయిన గుంటలో కూర్చుని ఉంది.

"ఇదేమిటి వదినా? మీవాడేగా గెలిచింది!"

"గెలిచాడమ్మా. ఓడతానన్న భయం లేనివాడికి మా గుమ్మం ఎందుకు గుర్తుంటుంది? నీళ్ళన్నీ తన మడికీ, తన చుట్టాల మడికీ. నా బిడ్డలూ నిరుడు దక్కలేదు."

ఇద్దరు తల్లులూ ఒక మాట అనుకున్నారు. తరువాత మడి మడికీ తిరిగారు.

పలికే రోజు వచ్చింది. ఘటోదరుడు గట్టెక్కి అడిగాడు. "మీ పెద్ద ఎవరు?"

చప్పుడు లేదు.

"మీ పెద్ద ఎవరర్రా?"

సన్నకప్పలు పలకలేదు. బోదురుకప్పలూ పలకలేదు. ఘటోదరుడి చుట్టాలు అటూ ఇటూ చూసి వారూ నోరు మూసుకున్నారు.

మూడోసారి ఘటోదరుడు అరిచి, జవాబు రాక, తన పేరు తనే పలికాడు. తొమ్మిది మళ్ళలో ఒక మడికి పెద్ద అయ్యాడు! చిందుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏం కావాలి మీకు?" అన్నాడు ఘటోదరుడు నీరసంగా.

"గట్లు మళ్ళీ వెయ్యాలి. పట్టపగలు, అందరూ చూస్తుండగా. నత్తమామ గీసినచోట వెయ్యాలి," అంది తుంపర.

"నత్తా? వాడికి గొంతే లేదు! ఎవరి పేరూ పలకలేడు!"

"అందుకే పెద్దయ్యా. ఎవరు గెలిచినా అతనికి ఒరిగేది లేదు. పైగా అతను ఎటు పాకినా వెనక మెరిసే గీత పడుతుంది. దాచడానికి వీల్లేదు."

నత్త బయలుదేరాడు. ఏ గుంటలవారు కలిసి ఈదుతారో, ఏ నీరు ఎటు పారుతుందో చూసుకుంటూ, ఇరుగుపొరుగును విడదీయకుండా పాకాడు. ఒక రోజు. రెండు రోజులు. ఐదు రోజులు. వాన లేదు. గట్ల సంగతి తేలి, పెద్దలు కుదిరే దాకా మడవ తియ్యరాదు. తుంపర గుంట అరచేతి మందానికి దిగింది.

"అక్కా, ఎండ్రకాయైతే ఒక్క పూటలో ముగిస్తాడు. పిల్లలు పోతున్నారు!" అని చిందుడు ఏడ్చాడు.

తుంపర నీళ్ళకేసి చూసింది. గొంతు లేని ఆ బిడ్డలు పైకి తేలి గాలి మింగుతున్నాయి. ఆమె చిందుడి వైపు తిరిగింది. "వద్దు. ఈ ఒక్కసారి తొందరపడితే ప్రతి ఏడూ ఇదే గుంట పక్కన కూర్చుంటాను. మామను పాకనీ."

డోలమ్మ కాలువకు గెంతింది. తన పెద్ద నోటినిండా కాలువ నీళ్ళు పట్టుకొచ్చి గుంటలో వదిలింది. మళ్ళీ వెళ్ళింది. ఆమె వెనక మరో బోదురుకప్ప. ఆ వెనక మరొకరు.

పన్నెండో రోజుకు గీతలు పూర్తయ్యాయి. ఆ గీతల వెంట కప్పలన్నీ కలిసి గట్లు వేశాయి. మళ్ళీ పలికాయి. ఐదుగురు సన్న పెద్దలు, నలుగురు బోదురు పెద్దలు వచ్చారు. డోలమ్మ కూడా ఒక పెద్ద. తుంపర నాయకురాలైంది. ఆనాడే మిట్టకూ పల్లానికీ మడవలు తెరుచుకున్నాయి.

నూరుమంది బిడ్డల్లో పదకొండుమందికి కాళ్ళొచ్చాయి. అందులో ఒకటి తడబడుతూ గట్టెక్కి, నోరు తెరిచి, "బెక్" అంది. కొంచెం బొంగురు గొంతు. తుంపర కళ్ళు మూసుకుని ఆ ఒక్క పలుకును వింది. మిగిలిన గొంతులు ఎలా ఉండేవో అని ఆ తరువాత కూడా, ప్రతి తొలకరికీ, ఆమె చెవి ఒగ్గుతూనే ఉండేది.

కాబట్టి పిల్లలూ, గొంతులు లెక్కపెట్టే రోజున మాత్రమే న్యాయం ఉంటే చాలదు, గట్లు వేసే రోజునే ఉండాలి. గెలవాలని ఆశపడేవారి చేతికి గట్లు వేసే పని ఎన్నడూ అప్పగించకూడదు.