కోతుల యుద్ధం చూసిన మంద

తుమ్మలగుట్ట కింద ఒక గొర్రెల మంద ఉండేది. కాపరి లేడు, కుక్క లేదు. అయినా తోడేలు ఆ మంద జోలికి వచ్చేది కాదు. అపాయం వస్తే పొట్టేళ్ళన్నీ భుజం భుజం కలిపి నిలబడేవి. వాటి వెనక గొర్రెలు, పిల్లలు. మందకు పెద్ద బూడిదవ్వ అనే ముసలి గొర్రె. "గొర్రెదాటు అని లోకం నవ్వనీ. కలిసి నడవడం మాకు సిగ్గు కాదు, సిరి" అని తల ఎత్తుకుని చెప్పేది.

ఆ కట్టు తెంపాలని తోడేలు నక్కతో పొత్తు పెట్టుకుంది. నక్క రెండు కోతుల్ని కుదుర్చుకుని బండ మీద ఆట పెట్టింది.

"రండి, రండి! ఎన్నాళ్ళిలా తల వంచుకుని మేస్తారు? వీరులంటే ఎలా ఉంటారో చూద్దురు గాని!" అని మందను పిలిచింది నక్క.

సాయంత్రం కాగానే కోతులు వెనక్కి నడిచి, ఎగిరి కర్రలతో కొట్టుకునేవి. నాగజెముడు పళ్ళరసం నెత్తురులా ఎర్రగా చిమ్మేది. ఓడినవాడు దొర్లి పడేవాడు. గెలిచినవాడికి తునికిపళ్ళు, ఈలలు, జేజేలు. మొదటిరోజు పిల్లలు కళ్ళు మూసుకున్నాయి. కొన్నాళ్ళకు ఇంకాస్త ఎరుపు కావాలని గోల పెట్టాయి.

బూడిదవ్వ కూడా వెళ్ళి చూసింది. తిరిగొస్తుంటే పక్క గొర్రె తోక తగిలింది. అంతే, అవ్వ గిర్రున తిరిగి తల వంచి కుమ్మబోయింది. ఆ గొర్రె బిత్తరపోయింది.

"ఏమైందే నాకు?" అనుకుంది అవ్వ. ఆట చూసిన వేడి ఒంట్లోంచి ఇంకా దిగలేదు.

మర్నాడు మనవళ్ళను పిలిచింది. పెద్దవాడు కొండడు, చిన్నవాడు బొల్లడు. మందలో మొదటి వరుస పొట్టేళ్ళు వాళ్ళే.

"ఆ ఆటకు పోకండిరా."

"అది ఉత్త ఆటే కదవ్వా! మాకా మాత్రం తెలీదా?" అన్నాడు కొండడు.

"నీ బుర్రకు తెలుసురా. నీ కొమ్ములకు తెలీదు."

మనవళ్ళిద్దరూ పకపకా నవ్వి బండ వైపే పోయారు.

అలా ఉండగా ఒక పొద్దున వాగు దగ్గర బొల్లడు కాలు జారి కొండడికి తగిలాడు. మునుపైతే కొండడు "చూసుకో తమ్ముడూ" అనేవాడు.

"కావాలనే తోశావు!" అన్నాడు కొండడు.

"జారాను అన్నా!"

"నాకు తెలుసులే నీ సంగతి!"

కోతి చేసినట్టే వెనక్కి నడిచి, ఎగిరి గుద్దాడు. బొల్లడి కొమ్ము విరిగి నెత్తురు కారింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కరూ అడ్డుపడలేదు. "ఇంకోటి! ఇంకోటి!" అని అరిచారు. ఒక పిల్ల నవ్వుతూ పోయి నేల వాసన చూసి వెనక్కి తగ్గింది.

"అవ్వా, ఇది పళ్ళరసం కాదు."

అరిచినవాళ్ళంతా వెనక్కి జరిగారు. బొల్లడు ఎవరి ముఖమూ చూడకుండా గుట్ట అవతలికి ఒంటరిగా వెళ్ళిపోయాడు. పొదచాటు నుంచి చూస్తున్న నక్క తోక ఊపుకుంటూ అటే పరుగెత్తింది.

అవ్వకు అప్పుడు అర్థమైంది. "కొండా! ఒంటరివాణ్ణి చేయడానికేరా ఆ ఆటంతా. వాణ్ణి నక్క తోడేలుకు చూపిస్తోంది, పద!"

"నేనే కొట్టాను. ఏ ముఖంతో పోనవ్వా?"

"ఉన్న ముఖంతోనే పో. లే!"

మందంతా గుట్ట దాటింది. తోడేలు అప్పటికే బొల్లడి మీదికి వంగుతోంది. కొండడు పోయి తమ్ముడి భుజానికి భుజం ఆనించాడు. మిగతా పొట్టేళ్ళూ చేరి గోడ కట్టాయి.

నక్క చివరి ఎర వేసింది. "ఏం కొండా! వీరుడివేనా? ముందుకు దూకు, చూద్దాం! బండ మీద కోతికున్న పౌరుషం లేదా?"

కొండడి కాళ్ళు నేలను గీరాయి. ఒక్కడు దూకితే గోడలో కంత పడుతుంది.

"తమ్ముణ్ణి వదిలి కదలను. నువ్వే రా!" అన్నాడు కొండడు.

అవ్వ గుండె పొంగిపోయింది. ఆ గుట్ట మీద అంతటి వీరుణ్ణి ఆమె అంతకుముందు చూడలేదు.

తోడేలు వరుసలో సందు కోసం అటూ ఇటూ తిరిగింది. దొరకలేదు. ఆకలి కోపం నక్క మీదికి మళ్ళింది. "మందను విడదీస్తానని ఇన్నాళ్ళు తిప్పావు కదే!" అంటూ వెంటపడింది. నక్క పొదల్లో పడి, తోక వెంట్రుకలు సగం తోడేలు నోట్లో వదిలి, అడవి దాటి పారిపోయింది.

నోటితో తిన్నది ఒంటికి పడుతుంది, కంటితో తిన్నది నడతకు పడుతుంది.