దీవి దాటని జీతం

సముద్రం దాటొచ్చిన సోమన పంతులికి నెలకి నూరు నాణేలిస్తానన్నాడు, ఆ దీవిలో బడి నడిపే రత్నగుప్తుడు. పిల్లల దగ్గర బంగారమే పుచ్చుకునే ఆ మహానుభావుడు, పంతులికి మాత్రం తోలుబిళ్లలిచ్చాడు.

"ఇంటికి పంపుదామంటే ఓడవాళ్లు వీటిని ముట్టుకోవడం లేదండీ," అన్నాడు సోమన దిగులుగా.

"దీవిలో చెల్లుతాయిగా! బయట సంగతి నాకెందుకు?"

సోమన తిన్నగా పాఠం చెప్పడానికి వెళ్లాడు. బడి పండగనాడు తల్లిదండ్రులందరి ముందూ గుప్తుడి కొడుకు గొంతెత్తి ఎక్కం చదివాడు: "రెండు రెళ్లు ఏడు!"

"ఇదేం చదువయ్యా?" గుప్తుడు మండిపడ్డాడు.

"మీరిచ్చే తోలుబిళ్లల్లాంటిదేనండీ. బడిలో చెల్లుతుంది, బయట సంగతి మనకెందుకు?" అన్నాడు సోమన వినయంగా.

"మరి మేమిచ్చిన బంగారం ఏమైంది?" అంటూ తల్లిదండ్రులంతా గుప్తుడి మీదికి లేచారు.

ఆ సాయంత్రమే సోమన జీతం బంగారమై ఓడెక్కింది. మర్నాటికల్లా రెండు రెళ్లు నాలుగయ్యాయి.