మూడు టోపీల పందికొక్కు

గుట్ట వాలులో జంతువులన్నీ కలిసి ఒక కాలనీ కట్టుకున్నాయి. చుట్టూ ముళ్ళకంచె, ముందొక గేటు, గేటు మీద ‘పచ్చిక ఎన్‌క్లేవ్’ అని బోర్డు. కోళ్ళకు గంపలు, మేకలకు చావిళ్ళు, గేదెలకు కొట్టాలు, అన్నీ వరసగా ముచ్చటగా ఉండేవి. కాలనీకి ప్రెసిడెంటు నక్క. ఎవరు ఎన్నుకున్నారయ్యా అంటే ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. మీటింగు పెట్టింది తనే, కుర్చీ తెచ్చుకుంది తనే, అందులో కూర్చుంది తనే.

గేటు నుంచి మూడో ఇల్లు చుక్కల పెట్టది. అందరూ చుక్కమ్మ అనేవారు. కొత్తగా పొదిగి తొమ్మిది పిల్లల్ని దింపింది. తొమ్మిదీ తొమ్మిది పసుపు ముద్దల్లా ఇల్లంతా దొర్లుతుంటే, దానికి కడుపు నిండిపోయేది. భయం కూడా అంతే నిండేది. ఎందుకంటే గుట్ట అవతల తాటిచెట్టు మీద గద్ద కాపురం ఉంది.

అయితే గుట్ట కొమ్మున కొండముచ్చు కాపలా కాసేది. గద్ద రెక్క విప్పిందంటే చాలు, ఆ బొమ్మను కాలనీకి పంపేది. ఇంటింటి గోడకూ ఒక పలక ఉంది. కొండమీద కనబడింది పలకలో కనబడాలి. ఆ బొమ్మను మోసుకొచ్చేది గాజు దారం. ఫైబరు అంటారు. వెంట్రుకంత సన్నం. అందులో వెలుగు పరిగెడుతుంది, వెలుగు వీపునెక్కి గద్ద బొమ్మ వచ్చేస్తుంది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా చుక్కమ్మకు ఆశ్చర్యంతో మెడ ఒక పక్కకి వంగిపోయేది. “చూశారర్రా, వెలుగు మనకోసం గుట్ట దిగి వస్తోంది” అని పిల్లలకు చెప్పి మురిసిపోయేది.

ఒకరోజు పొద్దున పిల్లలు పెంటకుప్ప మీద పురుగులేరుకుంటున్నాయి. చుక్కమ్మ పలక వైపు చూసింది. గద్ద తాటిచెట్టు మీదే తీరిగ్గా ముక్కుతో ఈకలు దువ్వుకుంటోంది. సరే, ఇంకా టైముంది అనుకుంది. అంతలో నేలమీద నీడ పడింది. తలెత్తేసరికి గద్ద నెత్తిమీదే ఉంది!

చుక్కమ్మ ఎగిరి కాళ్ళతో తన్నింది, ముక్కుతో పొడిచింది. గద్ద నాలుగు తోక ఈకలు పీక్కుని పోయింది. చిట్టచివరి బుడ్డోడికి వీపు గీరుకుపోయింది. తొమ్మిదింటినీ రెక్కల కింద వేసుకుని ఇంట్లోకి వస్తే, పలకలో గద్ద అప్పుడే రెక్కలు విప్పి ఎగరబోతోంది.

“ఓరి నీ పలక పగల! ఇప్పుడా చెప్పేది!”

చుక్కమ్మ తీసుకున్నది మెరుపు కంపెనీ లైను. వాళ్ళకి ఫోను చేసింది.

“ఒకసారి ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేయండమ్మా” అంది అవతలి గొంతు.

“నువ్వు పది అంటావు, నాకున్నది తొమ్మిది. నీ పది అయ్యేలోపు నాకు ఎనిమిదే మిగులుతాయి నాయనా!”

“మీ సహనానికి ధన్యవాదాలు” అని గొంతు పెట్టేసింది.

“నాకు సహనం ఉందని వీడికెవడు చెప్పాడు?” అంది చుక్కమ్మ.

మధ్యాహ్నానికి ఎర్రటోపీ పెట్టుకుని ఒక పందికొక్కు వచ్చాడు. ముందుపన్ను ఒకటి విరిగింది, ఎడమ చెవికి చిన్న గంటు. పలక కింద బిగించిన లైను డబ్బాను రెండు తట్లు తట్టాడు. “లైను బంగారం. నీ పిల్లలే వైరు తొక్కుతున్నారు” అన్నాడు. బుడ్డోడు అవ్వాళంతా గాల్లో నడిచినట్టు నడిచాడు, వైరు మీద కాలు పడుతుందేమోనని.

మర్నాడూ బొమ్మ ఆలస్యమే. ఆ మర్నాడూ అంతే. చుక్కమ్మ నక్క ఇంటికి వెళ్ళింది. నక్కది కొత్త బొరియ. మూడు గదులు, చల్లటి మట్టి గోడలు. పందికొక్కు కంపెనీ ఊరికే తవ్విపెట్టిందని అందరూ అనుకునేవారు.

“ప్రెసిడెంటు గారూ, గద్ద వచ్చి వెళ్ళాక గద్ద వస్తోందని చెబితే ఏం చేసుకోను?”

“అయ్యో, చుక్కమ్మా! అందుకే కదా మన కాలనీలో మీకు ఎంపిక పెట్టింది” అన్నాడు నక్క తోక సవరించుకుంటూ. “మెరుపు ఉంది, సుడిగాలి ఉంది, చిరుత ఉంది. ఈ చుట్టుపక్కల ఏ కాలనీలో మూడు కంపెనీలు ఉన్నాయో చెప్పు. ఒకటి నచ్చకపోతే ఇంకొకటి.”

“గిజిగాడు చెట్ల మీంచి కొత్త దారం లాగుతానన్నాడటగా?”

“చెట్టుచెట్టుకీ దారాలు వేలాడితే కాలనీ అందం ఏం కావాలమ్మా? గాలివానకి తెగి నీ నెత్తినే పడితే?”

చుక్కమ్మ సుడిగాలికి మారింది. డబ్బా పెట్టడానికి నీలంటోపీ పందికొక్కు వచ్చాడు. ముందుపన్ను విరిగింది, ఎడమ చెవికి గంటు.

“నువ్వు మొన్నొచ్చినవాడివే కదూ?”

“మొన్నొచ్చింది మా అన్న. వాడి కంపెనీ వేరు, నా కంపెనీ వేరు. మాకు మాటల్లేవు.”

బొమ్మ ఆలస్యం మాత్రం మారలేదు. ఈసారి ఫోనులో గొంతు కాస్త తియ్యగా ఉంది. మాట మాత్రం అదే, ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేయమని. చుక్కమ్మ పట్టు వదలక చిరుతకి మారింది. పసుపుటోపీ వచ్చాడు.

“నువ్వూ...?”

“వాళ్ళిద్దరికీ తమ్ముణ్ణి.”

“మీ అమ్మ ముగ్గురినీ అదే పన్ను విరగ్గొట్టి కన్నదా నాయనా?”

పందికొక్కు మూతి ముడుచుకుని డబ్బా బిగించి పోయాడు.

సాయంత్రం నీళ్ళతొట్టి దగ్గర చుక్కమ్మకు మేకపోతు, గేదె కలిశారు. మేకపోతుది సుడిగాలి లైను, గేదెది మెరుపు.

“నా పలకలో నిన్నటి నుంచీ చక్రమే తిరుగుతోంది అక్కా” అన్నాడు మేకపోతు. “దాన్నే చూసి చూసి నా కళ్ళు కూడా గుండ్రంగా తిరుగుతున్నాయి. విసుగొచ్చి డబ్బా మూత నమిలేశాను.”

“రుచిగా ఉందా?” అంది గేదె.

“కంపెనీ కంటే మేలు.”

గేదె నెమ్మదిగా నెమరేసింది. “నేను ఫోను చేసి చేసి ఇప్పుడు పది లెక్కపెట్టడం బాగా వచ్చేసింది. ఇంకేం రాలేదు.”

“నీదీ నాదీ ఒకేసారి ఆగుతున్నాయా వదినా?” అంది చుక్కమ్మ.

ఇద్దరూ ఆలోచించారు. నిజమే. మొన్న మిట్టమధ్యాహ్నం ఎండలో ఆగినప్పుడు గేదెదీ ఆగింది, మేకపోతుదీ ఆగింది, చుక్కమ్మదీ ఆగింది.

మర్నాడు చుక్కమ్మ గేటు పక్కన పురుగుల కోసం మట్టి గీరుతోంది. కోడి కాలు ఊరుకోదు కదా, ఎంత దొరికితే అంత లోతుకి పోతుంది. గీరగా గీరగా ఒక గొట్టం తేలింది. ఒక పక్క పగిలి ఉంది. లోపల నల్ల తొడుగేసుకున్న దారం కనబడింది. ఒకటే దారం. చుక్కమ్మ మెడ వంచి ఈ కంటితో చూసింది, ఆ కంటితో చూసింది. ఎలా చూసినా ఒకటే.

“ఏయ్, ముట్టుకోకు!” పసుపుటోపీ పరిగెత్తుకొచ్చాడు. “అది చిరుతది.”

“మరి మెరుపుది?”

“కుడి పక్క, ఇంకా లోపల.”

“సుడిగాలిది?”

“ఎడమ పక్క. నీకెందుకు?”

వాడు వెళ్ళాక చుక్కమ్మ కుడి పక్క గీరింది, ఎడమ పక్క గీరింది. పొద్దు గుంకేదాకా గీరింది. తొమ్మిది పిల్లలకూ రెండు రోజులకు సరిపడా వానపాములు దొరికాయి. దారం మాత్రం దొరకలేదు.

“ఇదేం మాయ వదినా!” అని గేదెకు చెప్పింది. “వచ్చేది ఒక్క దారం. లోపలికొచ్చాక దానికే మూడు రంగులు పూస్తున్నారు.”

“మీటింగులో చెప్పేయి.”

“నేను చెబితే లోతుగా తవ్వలేదంటాడు నక్క. నా మాట మీద నాకే సందేహం పుట్టిస్తాడు. అతని నోటితోనే చెప్పించాలి.”

ఆదివారం పొద్దున గేటు దగ్గరే కాలనీ మీటింగు పెట్టారు. రాబోయే పది వానాకాలాల దాకా ఈ మూడు కంపెనీలవి తప్ప కాలనీలోకి ఇంకో దారం రాకూడదని తీర్మానం చేయాలట. చుక్కమ్మ పిల్లల్ని తీసుకొచ్చి, పడుకున్న గేదె పొట్ట చాటున వరసగా దాచింది. గేదె కాలు కదపకుండా అలాగే ఉంది. గేటు పక్క తవ్విన గుంత దగ్గరే మేకపోతు నిలబడ్డాడు. పసుపుటోపీ పందికొక్కు నక్క కుర్చీ వెనక నిలబడ్డాడు.

“మూడు కంపెనీలు!” అన్నాడు నక్క. “మూడూ వేరు వేరు. ఒకదానితో ఒకదానికి పడదు. ఆ పోటీయే మీకు లాభం.”

“నిజం ప్రెసిడెంటు గారూ” అంది చుక్కమ్మ. “పోటీ అన్నాక ఓడినవాడు పోవాలి కదండీ. చిరుత లైను నన్ను మోసం చేసింది. ముందు దాన్ని గేటు బయటికి పంపించేద్దాం. మిగతా రెండూ ఉంటాయిగా. ఏమంటారు?”

అందరూ సరేనన్నారు. నక్క ఒక్క క్షణం చెవులు నిక్కబొడుచుకున్నాడు. కాదంటే, ఎందుకు కాదంటున్నావని అడుగుతారు.

“సభ ఎలా అంటే అలాగే” అన్నాడు. “తీరిగ్గా, రేపో ఎల్లుండో...”

“రేపెందుకండీ? గుంత తవ్వే ఉంది. ఈ దారం చిరుతదేనని మీ పసుపుటోపీ అబ్బాయే చెప్పాడు. అవునా బాబూ?”

పందికొక్కు నక్కను చూశాడు. నక్క నేలను చూశాడు.

“చిరుతదే... కానీ...” అన్నాడు పందికొక్కు.

“మెరుపుది దీని పక్కన, సుడిగాలిది ఆ పక్కన. అవునా ప్రెసిడెంటు గారూ?”

“అ... అవును. మూడూ వేరే కదా మరి.”

“విన్నారుగా. మేక బావా, కానీ.”

మేకపోతు ఇలాంటి మాట కోసమే పుట్టాడు. కటుక్కున కొరికాడు.

గేదె కొట్టంలో మోగుతున్న పాట సగంలో ఆగింది. మేకల చావిట్లో పలకలన్నీ నల్లబడ్డాయి. చుక్కమ్మ ఇంట్లోంచి “పోయిందే అమ్మా” అని బుడ్డోడు అరిచాడు. వాణ్ణి గేదె చాటున పెట్టినా పలక చూడ్డానికి ఎప్పుడు జారుకున్నాడో ఏమో. ఇంతలో బొరియలోంచి నక్క పెళ్ళాం పరిగెత్తుకొచ్చింది.

“ఏవండీ, మన మెరుపు పోయింది! మనకు ఎప్పుడూ ఆగని లైనన్నారే!”

సభ అంతా నక్క వైపు తిరిగింది. గేదె మొట్టమొదటిసారి గొంతు పెంచింది. “కొరికింది చిరుత దారాన్ని. పోయింది మెరుపు. సుడిగాలి కూడా దాని వెనకే వెళ్ళిందా ప్రెసిడెంటు గారూ?”

మేకపోతు పందికొక్కు నెత్తిమీది పసుపుటోపీ లాగాడు. దాని కింద నీలంటోపీ ఉంది. దాన్నీ లాగితే ఎర్రటోపీ. దాన్నీ నమిలేస్తే, చివరికి ఒక్క తల, గంటు పడ్డ చెవి, విరిగిన పన్ను.

“అన్నదమ్ములు ముగ్గురూ ఒక్కసారే దొరికారు” అన్నాడు మేకపోతు నములుతూ.

అదే సమయానికి గుట్ట మీంచి “ఖక్, ఖక్, ఖక్” అని కేక వినబడింది. బొమ్మ పంపే దారి లేక కొండముచ్చు గొంతు చించుకుని అరుస్తోంది. చుక్కమ్మ ఒక్క దూకులో ఇంట్లోకి పోయి బుడ్డోణ్ణి రెక్క కింద వేసుకుంది. గద్ద కాలనీ మీద రెండు చుట్లు తిరిగింది. గేదె చుట్టూ చేరిన జనాన్నీ, పైకెత్తిన కొమ్ములనూ చూసి, తన తాటిచెట్టుకి తాను వెళ్ళిపోయింది.

కొత్త లైన్లు వచ్చేదాకా మూడు రోజులు కొండముచ్చు అరుస్తూనే ఉంది. చుక్కమ్మ రోజూ దానికి రేగుపళ్ళు పంపింది. నాలుగో రోజు గిజిగాడు చెట్ల మీంచి దారం లాగాడు. కాలనీ అందం చెడలేదు సరికదా, పిచ్చుకలకు కూర్చునే చోటు దొరికింది. చీమలు నేల లోపల్నుంచి ఇంకో దారం తెచ్చాయి. పందికొక్కును కూడా ఉండమన్నారు, ఒకే టోపీతో. గద్ద తోక కదిపితే ఇప్పుడు చుక్కమ్మకు తెలిసిపోతోంది. తొమ్మిది పిల్లలూ తొమ్మిది పెట్టలూ పుంజులూ అయ్యాయి.

నక్క కుర్చీ పోయింది. తనను కాపాడలేదన్న కోపంతో పందికొక్కు తను తవ్విన మూడు గదుల్లో రెండింటిని తనే పూడ్చేశాడు. ఉన్న ఒక్క గదిలో పలక పనిచేయక నక్క పాత కంపెనీకే ఫోను చేశాడు.

“ఒకసారి ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేయండి” అంది గొంతు.

నక్క ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు.

నీతి: ఎన్ని టోపీలున్నాయని మురిసిపోకు, వాటి కింద తలలెన్నో చూసుకో.