నూకరత్నం సైకిలు కొండ దిగిన కథ

దా, ఇలా పక్కన పడుకో. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. ఇవాళ సైకిలు కథ కావాలన్నావుగా, సైకిలు కథే చెప్తాను. మధ్యలో లేచి మంచమ్మీద తైతక్కలాడావంటే మాత్రం అక్కడికక్కడే ఆపేస్తాను. ముందే చెప్తున్నా.

అనగనగా ఒక కొండ. ఆ కొండ నెత్తిమీద ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక గాజులమ్మే ఆవిడ.

గాజులవాళ్ళంతా మలారం భుజాన వేసుకుని ఊరూరా నడిచి తిరిగేవాళ్ళు. మలారం అంటే ఏంటో తెలుసా? గాజుల్ని రంగురంగులుగా తాళ్ళకి గుచ్చి కట్టిన గుత్తి. నూకరత్నానికి నడకంటే విసుగు. అందుకని ఒక సైకిలు కొనుక్కుంది. వెనక అటొక బుట్ట, ఇటొక బుట్ట కట్టేది. ముందు హ్యాండిలుకి మలారం తగిలించేది. చెంగు బొడ్లో దోపి ఎక్కిందంటే, కొండమీది ఊళ్ళన్నీ చుట్టబెట్టి ఎప్పటికో ఇల్లు చేరేది.

ఆ సైకిలంటే ఆవిడకి ప్రాణం. రోజూ పొద్దున్నే దానికి బొట్టు పెట్టేది. బుట్టలోంచి గుడ్డ తీసి, చక్రాలు రెండూ తళతళలాడేలా తుడిచేది. అప్పుడుగానీ కాఫీ నీళ్ళు పొయ్యిమీద పెట్టేది కాదు.

అంతా బాగానే ఉంది కానీ, ఆ సైకిలుకి బ్రేకు పడేది కాదు. ఎంత నొక్కినా జర్రున జారిపోయేది. కొండమీద దారి సమంగా ఉంటుంది కాబట్టి, కాలు నేలకి ఆనించి ఆపుకునేది. కొండ దిగాలంటేనే వచ్చేది తంటా అంతా.

కొండకింద ఊళ్ళో నూకరత్నం చెల్లెలు పార్వతాలు కాపురముండేది. తల్లి చిన్నప్పుడే పోతే, పార్వతాల్ని నూకరత్నమే ఎత్తుకు పెంచింది. జడ వేసింది, అన్నం కలిపి పెట్టింది, పెళ్ళి చేసి పంపింది. ఇప్పుడు ఆ పార్వతాలు కడుపుతో ఉంది. సీమంతం పెట్టుకున్నారు.

సీమంతానికి కడుపుతో ఉన్న పిల్లకి పుట్టింటివాళ్ళు గాజులు తేవాలి. ముందు ఆ పిల్లకి నిండుగా తొడిగి, ఆ తర్వాత వచ్చిన ముత్తైదువులందరికీ తొడగాలి. నూకరత్నం ఎన్ని ఊళ్ళలో ఎంతమంది పిల్లలకి సీమంతం గాజులు తొడిగిందో! తొడిగిన ప్రతిసారీ, మా పార్వతాలుకి ఎప్పుడు తొడుగుతానో అనుకునేది. ఆ రోజు రానే వచ్చింది.

కానీ పార్వతాలు అత్తగారు అసిరమ్మ ఒప్పుకోలేదు.

ఎందుకంటే కిందటి సంతకి నూకరత్నం కొండ దిగుతూ, బ్రేకు పడక, నేరుగా అసిరమ్మగారి గడ్డివాములోకి దూరిపోయింది. ఆవిడకి ఒక్క గీతా పడలేదు కానీ, బుట్టల్లో ఒక్క గాజూ మిగల్లేదు. వారం రోజులు ఆ ఇంట్లో గేదెలకి గడ్డి వెయ్యాలంటే, గాజు ముక్కలు ఏరి ఏరి వెయ్యాల్సొచ్చింది.

"ఇదిగో రత్నం, నీ మీద నాకేం కోపం లేదు," అంది, సీమంతానికి పిలవడానికి కొండెక్కి వచ్చిన అసిరమ్మ. "నువ్వు రా, బూరెలు తిను, కూకుని కబుర్లు చెప్పు. గాజులు మాత్రం మేం బజార్లో కొనుక్కుంటాం. సీమంతం పూట చిట్లిన గాజులు నట్టింట్లోకి తేకు."

"అత్తా, ఈ ఒక్కసారికి నా మాట ఇను," అని బతిమాలింది నూకరత్నం. "ఒక్కటంటే ఒక్కటి చిట్లినా, బుట్టలు ఇప్పకుండా వొచ్చిన దారినే పోతాను."

అసిరమ్మ సరే అంది.

ఏంటీ, నడిచి దిగొచ్చుగా అంటావా? రెండు బుట్టల నిండా గాజులు, ఒక్క మనిషి ఎలా మోస్తుందమ్మా? పోనీ సైకిలు తోసుకుంటూ దిగితే, ఆ బరువుకి సైకిలే ఆవిణ్ణి తోసుకుపోయేది. అప్పట్లో ఆ కొండకి బస్సు కూడా లేదు. కాబట్టి ఊరుకో, కథ విను.

అప్పుడు నూకరత్నం సైకిలు షాపు కామేశం దగ్గరికి వెళ్ళింది. కామేశం బ్రేకు తీగలు లాగి, బిగించి, "ఇంక సూస్కో" అన్నాడు. ఊరి చివర చిన్న పల్లం ఉంటే, అక్కడ ఖాళీ బుట్టలతో ఎక్కి చూసింది. సైకిలు జర్రుమంది. నూకరత్నం వెళ్ళి చోడిచేలో, అదే రాగిచేలో, పడింది.

ఆ తర్వాత మళ్ళీ వెళ్ళింది. కామేశం పాత బ్రేకు రబ్బర్లు పీకేసి కొత్తవి వేశాడు. మర్నాడు పొద్దున్నే లేచి, ఎప్పటిలాగే సైకిలుకి బొట్టు పెట్టి, చక్రాలు తుడుచుకుని, అదే పల్లం దిగింది. సైకిలు జర్రుజర్రుమంది. ఈసారి గెడ్డలో, అదే వాగులో, పడింది. లేచేసరికి కొప్పులో ఒక చేపపిల్ల!

నవ్వకు, ఇంకా ఉంది.

ఆ తర్వాత ఇక కామేశాన్ని నమ్మకుండా సొంత తెలివి ఉపయోగించింది. సైకిలు వెనక ఒక చెక్క దుంగ తాడుతో కట్టింది. దుంగ నేలమీద ఈడుస్తూ వస్తుంది, సైకిలు నెమ్మదిస్తుంది అని ఆవిడ లెక్క. అలాగే పల్లం దిగింది. కాసేపు దుంగ వెనకే వచ్చింది. ఆ తర్వాత పక్కకి వచ్చింది. ఆ తర్వాత దొర్లుకుంటూ ఆవిణ్ణి దాటేసి, ముందుకెళ్ళి, ఇప్పుడు అదే సైకిల్ని లాగడం మొదలెట్టింది! ఊళ్ళో కుక్కలన్నీ ఆ ఊరేగింపు వెనక పరిగెత్తాయి.

అలా సీమంతానికి ముందురోజు వచ్చేసింది. నూకరత్నం గుమ్మంలో కూలబడింది. కొండకింద చెల్లెలు ఎదురుచూస్తూ ఉంటుంది, బజార్లో గాజులమ్మే ఎవరో వచ్చి దాని చెయ్యి పట్టుకుని గాజులు తొడుగుతుంది అనుకునేసరికి, పాపం ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతమందికి తొడిగిన చేతులు, సొంత చెల్లెలికి తొడగలేకపోతున్నాయే అని మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడు పొరుగింటి దేముడమ్మ వచ్చింది. అంట్లు తోముతూ మధ్యలో లేచొచ్చిందేమో, మోచేతిదాకా బూడిద. "ఓలె రత్నం, నాక్కూడా రెండు పచ్చగాజులు తొడగవే. బేగి కానీ, పొయ్యిమీద కూర ఉంది," అంది.

నూకరత్నం కళ్ళు తుడుచుకుని చెయ్యి పట్టుకుంది. గాజు వేళ్ళు దాటింది. బొటనవేలి ఎముక దగ్గర ఆగిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

"బూడిద చేత్తో వస్తే ఎలా ఎక్కుద్దే? పట్టేస్తది మరి. నూనె రాస్తేనే గదా జారేది," అని విసుక్కుంటూ, నూకరత్నం బుట్టలోంచి నూనె గుడ్డ తీసింది.

తీసి, ఆ గుడ్డ వంక చూసింది. చూసి, సైకిలు వంక చూసింది.

గాజులు తొడిగేటప్పుడు చేతులకి రాసే నూనె గుడ్డ అది. రోజూ పొద్దున్నే సైకిలు చక్రాలు తుడిచేదీ ఆ గుడ్డతోనే! తళతళలాడాలని ప్రేమ కొద్దీ రుద్ది రుద్ది నూనె పట్టించిందన్నమాట. బ్రేకు నొక్కితే రబ్బరు పట్టుకోవాల్సింది ఆ చక్రం అంచునే కదా. నూనె రాసిన చోట ఏ రబ్బరు పట్టుకుంటుందమ్మా?

నూకరత్నం పకపకా నవ్వింది. నవ్వుతూనే ఒక్క గెంతులో సైకిలు దగ్గరికి చేరింది.

"ఓలమ్మో, నా చెయ్యి! నా కూర!" అని అరిచింది దేముడమ్మ.

ఇక చూడు నూకరత్నం పని! కుంకుడుకాయలు చితక్కొట్టి, ఆ నురగతో చక్రాల అంచులు కడిగింది. మళ్ళీ జిడ్డు లేకుండా బూడిదతో రుద్దింది. నీళ్ళు పోసి, పొడిగుడ్డతో ఒత్తి తుడిచింది. ఆ తర్వాత బ్రేకు రబ్బర్లు ఊడదీసింది. నూనె పీల్చి అవి నున్నగా మెరుస్తున్నాయి. వాటిని గరుకు రాతిమీద అరగదీస్తే, నల్లగా, గరగరలాడుతూ కొత్త రబ్బరు పైకొచ్చింది.

అప్పుడు కామేశాన్ని పిలిచింది. సంగతి విని అతను తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ తీగలు లాగాను గానీ, చక్రం మీద వేలు పెట్టి చూళ్ళేదే!" అని తనూ నవ్వాడు. ఆ తర్వాత బుద్ధిగా కూర్చుని, వంకర పోయిన చక్రాన్ని తిన్నగా చేశాడు. రబ్బరు మొత్తం చక్రం అంచుకి సమంగా ఆనేలా బిగించాడు. బుట్టలు కూడా కిందికి దించి, ఎటూ ఒరగకుండా కట్టాడు.

"దిగేటప్పుడు ఒకటే పట్టు పట్టకు," అని చెప్పాడు. "ముందుదీ వెనకదీ రెండూ కలిపి నొక్కు, వొదులు. మళ్ళీ నొక్కు, వొదులు. మలుపు రాకముందే నెమ్మదించుకో."

దేముడమ్మ చెయ్యేమైందంటావా? ఉంది, అక్కడే ఉంది, తిడుతూ. చివరికి నూకరత్నమే నూనె రాసి తొడిగింది. కూర మాత్రం మాడింది.

తెల్లవారింది. నూకరత్నం తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, సైకిలుకి బొట్టు పెట్టింది. అలవాటు చొప్పున చెయ్యి నూనె గుడ్డ మీదికి పోయింది. ఆ చేతిని రెండో చేత్తో ఛట్టున కొట్టుకుంది. గాజులతో నిండిన బుట్టలు సర్ది, బయల్దేరింది.

కొండదారికి మూడు మలుపులు. మొదటి మలుపు దగ్గర భయం భయంగా రెండు బ్రేకులూ నొక్కింది. సైకిలు గర్రుమని నెమ్మదించింది. నూకరత్నానికి నమ్మకం కుదరక ఇంకోసారి నొక్కి చూసింది. మళ్ళీ నెమ్మదించింది! రెండో మలుపు వచ్చేసరికి భయం పోయి పాట అందుకుంది. నొక్కడం, వదలడం, పాటకి అదే తాళం.

మూడో మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా మేకల మంద! మధ్యలో ఒక మేకపిల్ల, కదలకుండా, ఈవిడ వంక చూస్తూ ఆకు నములుతోంది. నూకరత్నం పాట ఆగిపోయింది. రెండు బ్రేకులూ గట్టిగా నొక్కింది. సైకిలు గర్ర్ర్ మని మూలిగి, మేకపిల్ల ముక్కు దగ్గర ఆగింది. మేకపిల్ల హ్యాండిలుకున్న మలారం వాసన చూసింది. తినేది కాదని తెలుసుకుని తన దారిన తను పోయింది.

ఆ తర్వాత నూకరత్నం నెమ్మదిగా వెళ్ళి అసిరమ్మగారి పందిరి ముందు ఆగింది. గడ్డివాము ఇటుంటే ఈవిడ అటు ఆగింది, చూశావా!

అసిరమ్మ వచ్చి బుట్టలు విప్పింది. చిట్లిన చప్పుడేమైనా వస్తుందా అని ఒక్కో గుత్తీ తీసి చెవి దగ్గర ఆడించి చూసింది. పచ్చవి చూసింది, ఎర్రవి చూసింది, పసుపువి చూసింది. ఒక్కటి చిట్లితే ఒట్టు. అప్పుడు అసిరమ్మ మొహమంతా నవ్వయ్యింది.

"పద రత్నం, పద. పిల్ల పొద్దుటినుంచీ అప్ప రాలేదు, అప్ప రాలేదు అని మెతుకు ముట్టలేదు," అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. అప్ప అంటే వాళ్ళ వైపు అక్క.

పార్వతాలు పీటమీద కూర్చుని ఉంది. చెంపలకి పసుపు, జడనిండా పూలు. నూకరత్నం ఎదురుగా కూర్చుని, చెల్లెలి చేతికి నూనె రాసి, పచ్చగాజు ఒకటి, ఎర్రగాజు ఒకటి, మోచేతి కిందదాకా నిండుగా తొడిగింది. ముత్తైదువులు పాట ఎత్తుకున్నారు. కడుపులో బిడ్డ ముందుగా గుర్తుపట్టేది అమ్మ గాజుల చప్పుడే అంటారు. అందుకని పార్వతాలు రెండు చేతులూ ఎత్తి గలగలా ఆడించింది.

ఆడించి, ఉలిక్కిపడింది. అప్ప చెయ్యి, ఆ నూనె చెయ్యి, గబుక్కున లాగి కడుపు మీద పెట్టుకుంది.

"అప్పా, తన్నుతంది! ఇనిపించినట్టుంది దానికి!"

నూకరత్నం అరచేతి కింద, లోపలినుంచి, చిన్న కాలు ఒకటి టక్కున తన్నింది. నూకరత్నం నవ్వుతూనే ఏడ్చేసింది. సంతోషం మనిషిలో పట్టనంత అయితే అలాగే పైకి పొంగుతుంది.

గరగర రబ్బరు చక్రానికి,
గలగల గాజులు చేతికి,
కొండ దిగిన కథ కంచికి,
కళ్ళు మూసి నువ్వు నిద్దరకి.