వరిమడిలో లేచిన రాజధాని

చంపా దేశపు రాజుకు తొందరెక్కువ. కొత్త రాజధాని గోడలు సగం లేవకముందే దాని పుట్టుక కథ రాతిమీద చెక్కించాలన్నాడు. పద్యాలు రాసే పని ఆశ్రమంలో చదువుకుంటున్న శుభకీర్తి మీద పడింది. మెప్పిస్తే ఆస్థానకవి. మెప్పించకపోతే ఏమవుతుందో ఎవరూ అడగలేదు.

అన్ని పద్యాలూ కుదిరాయి. నగరం ఎందుకు పుట్టిందో చెప్పే పద్యం దగ్గరే గురువు రుద్రభోగుడు అడ్డం పడ్డాడు. శివుడు కలలోకొచ్చి కట్టమన్నాడని రాస్తే పెదవి విరిచాడు. ప్రజల ప్రాణాలు కాపాడటానికని రాస్తే తల అడ్డంగా ఊపాడు.

శుభకీర్తికి ఒళ్ళు మండింది.

"రేపే సభలో చదవాలి స్వామీ! ఎందుకు పుట్టిందో మీరే చెప్పండి."

గురువు లేచి బయటికి నడిచాడు. శిష్యుడు వెంటపడ్డాడు.

గుడి గోడ కింద ఆడవాళ్ళు నీళ్ళు పోస్తూ ఇటుకను ఇటుకతో అరగదీస్తున్నారు. అక్కడి గోడలకు సున్నం పెట్టరు. సందు కనిపించనంతగా అరిగాక చెట్టు జిగురు పూసి అతికిస్తారు. ఆ వరసలో శుభకీర్తి తల్లి కూడా ఉంది. పెద్దకొడుకు ఈ గోడ విరిగిపడే చనిపోయాడు. చిన్నవాడు ఆశ్రమంలో చేరాక ఇటువైపు తొంగిచూడలేదు.

"ఊరెందుకు కట్టారో రాశావటగా? ఏదీ, చదువు నాయనా," అంది.

చదివాడు. ప్రజల ప్రాణాల దగ్గరికి వచ్చేసరికి గోడవైపు చూసి ఆగాడు, మళ్ళీ చదివాడు.

"బాగుంది నాయనా. మీ అన్న ఉండి వింటే ఎంత సంతోషించేవాడో!"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే అతను తట్టుకోలేకపోయాడు. కాళ్ళకింది బురద చూస్తూ అడిగాడు.

"మన వరిమడి ఎక్కడుండేదమ్మా?"

"ఇదే కదరా. నువ్వు నిలబడ్డచోటే నారు పోసేవాళ్ళం."

గురువు శిష్యుడి చెవి దగ్గరికి వంగాడు.

"మీ అమ్మ నోట పద్యానికి మొదటి పాదం దొరికింది. చదివినవాణ్ణి రాజు బతకనివ్వడు. చదువుతావా?"

శుభకీర్తి వెళ్ళి తల్లి పక్కన బురదలో కూర్చుని ఇటుక అందుకున్నాడు.

"వద్దు నాయనా, చేతులు పాడవుతాయి. రేపు రాజుగారి ముందు నిలబడాల్సినవాడివి."

"ఈ చేతులతోనే నిలబడతానమ్మా."

తల్లి మురిసిపోయింది. గురువు తల వంచుకుని ఇటుకల మీద నీళ్ళు పోస్తూ కూర్చున్నాడు.